‘చూశాను, లేదు’: వడ్డేపల్లి చెరువు పక్కన ఒక వసంతం డైరీ

ఫిబ్రవరి మొదటి వారం

హనుమకొండలో మా కాలనీ నుంచి వడ్డేపల్లి చెరువుకు నడిచి వెళ్లొచ్చు. మామిడి పూత దగ్గర మొదలుపెట్టి రేల పూలు విచ్చేదాకా, ఇంటి చుట్టుపక్కల ఏ చెట్టు ఏ దశలో ఉంది, ఏ పిట్ట ఏం చేస్తోంది అని వారం వారం రాయడమే ఈ ప్రాజెక్టు. కారెక్కి ఎక్కడికీ వెళ్లేది లేదు. పాకాల గురించి, ఏటూరునాగారం అడవి గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. మా వీధి చివరి రావిచెట్టుకు మాత్రం ఎవరూ లేరు.

దారి ఖాయం చేసుకున్నాను. మా డాబా, వీధి చివర రావి, దాని వెనక తుమ్మలూ కంపచెట్లూ పెరిగిన ఖాళీ ప్లాటు, చెరువు కట్ట, గుట్ట కింద నాలుగైదు మోదుగ చెట్లు, మళ్లీ ఇల్లు. దారి మార్చకూడదు. మారిస్తే ఈ వారానికీ పోయిన వారానికీ పోలిక కుదరదు. సామాను కూడా పెద్దగా లేదు: ఒక 8×42 బైనాక్యులర్, గీతల నోటుబుక్కు, పెన్సిలు. పెన్సిలు ఎందుకంటే చెరువు దగ్గర తెల్లవారుజామున పేజీలు చెమ్మగిల్లి పెన్ను రాయదు.

నోటుబుక్కులో ఏ గళ్లు గీయాలన్న దగ్గర చాలాసేపు ఆలోచించాను. వసంతం అనగానే ‘ఏమొచ్చాయి?’ అని అడుగుతారు. ఇంగ్లండులోనో కెనడాలోనో అది సరైన ప్రశ్నే, చలికి దక్షిణానికి పోయిన పిట్టలు అప్పుడే ఇంటికి తిరిగొస్తాయి. మన దగ్గర లెక్క తిరగబడుతుంది. మధ్య ఆసియా, సైబీరియా, హిమాలయాల నుంచి వానాకాలం చివర మన చెరువులకూ పొదలకూ చేరినవి మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్లిపోతాయి. ఇక్కడే ఉండేవి గూళ్ల పనిలో పడతాయి. ఒకే చెట్టు మీద ఒకటి మూట సర్దుకుంటుంటే ఇంకొకటి ఇల్లు కడుతుంటుంది. కాబట్టి ‘మొదట కనిపించిన రోజు’ గడి పక్కనే, దానికన్నా వెడల్పుగా ‘చివర కనిపించిన రోజు’ గడి గీశాను.

ఇందులో ఒక చిక్కుంది. మొదటిసారి కనిపించిన పిట్ట ఆ రోజే తెలిసిపోతుంది. చివరిసారి కనిపించినది చివరిసారి అని ఆ రోజు తెలియదు. వారాలు గడిచాక వెనక్కి పేజీలు తిప్పితేనే తెలుస్తుంది. అందుకని కొన్ని పిట్టల పేర్లు ముందే రాసిపెట్టుకుని, నడక పూర్తయ్యాక ప్రతి పేరు ఎదురుగా ‘ఉంది’ అనో ‘చూశాను, లేదు’ అనో రాయాలని పెట్టుకున్నాను. అసలు అటు వెళ్లకపోతే గీత. వెళ్లకపోవడం వేరు, వెళ్లి వెతికినా దొరకకపోవడం వేరు. వరుసగా మూడు వారాలు ‘చూశాను, లేదు’ వస్తేనే పోయినట్టు లెక్క.

ఫిబ్రవరి 14–17

గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ రోజులు. ప్రపంచమంతా ఈ నాలుగు రోజులూ ఎవరి పెరట్లో వాళ్లు, ఎవరి వీధిలో వాళ్లు పిట్టల్ని లెక్కపెడతారు. మన దేశంలో దీన్ని బర్డ్ కౌంట్ ఇండియా సమన్వయం చేస్తుంది. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడో నడుస్తూనో చూసి, పిట్టల లెక్కలు నమోదు చేసే యాప్ ఈబర్డ్‌లో జాబితా ఎక్కించాలి. ఈబర్డ్‌ను కార్నెల్ యూనివర్సిటీ పక్షిశాస్త్ర ప్రయోగశాల వాళ్లు 2002లో మొదలుపెట్టారు.

జాబితా ముగించేముందు ఆ యాప్ ఒక ప్రశ్న అడుగుతుంది: గుర్తుపట్టిన పిట్టలన్నిటినీ రాశారా? అవును అంటేనే అది పూర్తి జాబితా. చాలామంది ఆలోచించకుండా నొక్కేసే ప్రశ్న ఇది. నాకైతే యాప్ మొత్తంలో విలువైనది ఇదేననిపిస్తుంది. అరుదైన పిట్ట ఒక్కటి రాసి కాకుల్నీ గోరింకల్నీ వదిలేస్తే ఆ జాబితాలో ‘లేదు’ అన్న సమాచారం ఉండదు. అన్నీ రాస్తే, రాయనిది లేదని అర్థం. అలాంటి జాబితాలు వేలకు వేలు పోగైతే ఏ పిట్ట తగ్గుతోందో, ఎప్పుడు వెళ్తోందో పట్టుకోవచ్చు. 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదికలో 942 జాతుల పరిస్థితిని అంచనా కట్టడానికి వాడింది ఇలా మామూలు మనుషులు ఎక్కించిన జాబితాలనే.

డాబా మీద నుంచి నా జాబితాలో గొప్పవేమీ లేవు. పిగిలిపిట్టలు, గోరింకలు, రామచిలుకలు, తీగ మీద పసుల పోలిగాడు, పక్కింటి మందారం దగ్గర తేనెపిట్టలు. ఖాళీ ప్లాటు కంపల్లోంచి ఆగి ఆగి ‘టక్, టక్’ అంటూ బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. మట్టిరంగు, పిచ్చుక కన్నా సన్నం, కంటికి దొరకదు, చెవికి మాత్రం రోజూ దొరుకుతుంది. చలికాలమంతా మన ఊళ్లలో ప్రతి పెరటి పొదలోనూ ఉండి ఎవరికీ తెలియకుండా వెళ్లిపోయే పిట్టల్లో ఇదొకటి. ‘చూశాను, లేదు’ పట్టికలో మొదటి పేరు దీనిదే. దాని తర్వాత కాటుకపిట్టలు, రోజీ స్టార్లింగులు, గ్రీనిష్ వార్బ్లర్, బార్న్ స్వాలో అనే వానకోవెల.

కాటుకపిట్టల దగ్గర జాగ్రత్త కావాలి. నల్ల తల మీద తెల్లటి కనుబొమ్మ ఉన్న పెద్ద కాటుకపిట్ట ఇక్కడిదే, ఎండాకాలంలోనూ కట్ట మీద తోకాడిస్తూ తిరుగుతుంది. పసుపు పొట్టవి వలస వచ్చినవి. రెండింటినీ కలిపి ‘కాటుకపిట్ట ఉంది’ అని రాస్తే డైరీ మొత్తం దండగే. వానకోవెలలూ అంతే. నడుము ఎర్రగా ఉన్నవి ఇక్కడే గూళ్లు కడతాయి, గొంతు ఎర్రగా ఉండి దాని కింద నల్లపట్టీ ఉన్నవి వెళ్లిపోయేవి.

శివరాత్రి వారం

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఈసారి చలికన్నా ముందు మోదుగ ఆకులు పోయాయి. గుట్ట కింద చెట్లకు ఒక్క ఆకు లేదు, కొమ్మ నిండా నల్లటి మొగ్గలు, వాటిలోంచి నారింజరంగు. పోయిన వారం ‘కొద్దిగా’ అని రాసిన గడిలో ఈ వారం ‘బాగా’ అని రాశాను. చెట్లను చూసే సీజన్‌వాచ్ పద్ధతి నుంచి తీసుకున్నదిది: ఆకు, పువ్వు, కాయ ఒక్కొక్కదానికీ ‘లేవు, కొద్దిగా, బాగా’ అని మూడే మాటలు. పువ్వుల్ని లెక్కపెట్టాల్సిన పని లేదు, వారం వారం అదే చెట్టును చూడటమే పని.

పూచిన మోదుగ ఒక్కటి దొరికితే పిట్టల కోసం తిరగాల్సిన పని లేదు, నీడ చూసుకుని కూర్చుంటే చాలు. పువ్వు అడుగున తేనె నిండుగా ఉంటుంది. దానికోసం ముందు కాకులు వచ్చాయి. తర్వాత గోరింకలు, పిగిలిపిట్టలు, ఉడుతలు. ఆకాశం కాస్త తెల్లబడేసరికి రోజీ స్టార్లింగులు దిగాయి. గోరింకలకు చుట్టాలే, ఒళ్లు లేత గులాబీ, తల, రెక్కలు, తోక నిగనిగలాడే నలుపు. ఒకటి వచ్చిందంటే గుంపు వచ్చినట్టే. కొమ్మ మీద కుదురుగా కూర్చోవు, ఒక పువ్వులో ముక్కు పెట్టి రెండో పువ్వు కోసం పక్కదానితో తగువు. తల ఎత్తినప్పుడు నుదుటి మీద పసుపు పుప్పొడి అంటుకుని కనిపించింది. మోదుగకు కావలసింది కూడా అదే కదా. రామచిలుకలు మాత్రం పద్ధతి లేని అతిథులు, రేకలు కొరికి కింద పడేసి పోతాయి. చెట్టు కింద నేలంతా నారింజరంగు తుక్కు.

పసుల పోలిగాళ్లు కూడా వచ్చాయి. అవి తేనెకు వచ్చాయా, తేనెకు వచ్చే పురుగులకు వచ్చాయా అని చాలాసేపు చూశాను. రెండింటికీ.

గేదెలు తోలుకొచ్చే పెద్దాయన ఒకాయన రోజూ అటు కనిపిస్తాడు. నా బైనాక్యులర్ అడిగి తీసుకుని స్టార్లింగుల్ని చూసి నవ్వాడు.

“గివా? గివి మా జొన్నచేన్ల మీద పడేటియి సారూ. జొన్న పాలకంకి మీదున్నప్పుడు మంచె ఎక్కి ఒడిసెలతోటి కొట్టి కొట్టి చెయ్యి గుంజేది. గిప్పుడు జొన్న ఎవడేస్తుండు? అంత పత్తి, మక్క.”

“మోదుగ పూత అయిపోయాక ఇవి ఎటు పోతాయి తాతా?”

“ఎటు పోతయో గానీ, ఉగాది దాటినంక దండిగా కనిపియ్యవు.”

ఆయన మాట నోటుబుక్కులో పక్కన రాసుకున్నాను. ఇవి గుడ్లు పెట్టేది కజకిస్తాన్ లాంటి మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో, రాళ్ల సందుల్లో. అక్కడ మిడతల కాలానికి చేరుకోవాలి. పైరు మీద పడితే దొంగ, మిడతల మీద పడితే దోస్తు. ఒకే పిట్టకు రెండు దేశాల్లో రెండు పేర్లు వస్తాయి.

మార్చి మొదటి పదిహేను రోజులు

కోయిల కూత మొదలైంది. కాలనీ వాట్సాప్ గ్రూపులో ‘కోయిల వచ్చేసింది’ అని ఎవరో రికార్డింగ్ పెట్టారు, కింద పూలదండల బొమ్మలు. నా నోటుబుక్కు ప్రకారం కోయిల ఫిబ్రవరి మొదటి వారం నుంచీ ఉంది. ఒంటినిండా తెల్లచుక్కలున్న గోధుమరంగు ఆడపిట్ట రావిచెట్టులో నోరు మెదపకుండా పళ్లు తింటూ కనిపించింది. ఏడాదంతా మన చెట్ల మీదే ఉంటుంది, చలికాలంలో గొంతు విప్పదు, అంతే.

దీంతో గళ్లు మార్చక తప్పలేదు. ప్రతి పేరు ఎదురుగా ఇప్పుడు రెండు భాగాలు: కంటికి, చెవికి. మౌనంగా ఉన్న పిట్టను లేనట్టు రాస్తే మార్చిలో వలస వచ్చినట్టు తేలుతుంది. రీడ్ వార్బ్లర్ విషయంలో దీనికి తిరకాసు: అది కంటికి లేదు, చెవికి ఉంది. శబ్దం విని పేరు చెప్పే మెర్లిన్ యాప్‌ను పక్కన పెట్టుకుంటున్నాను గానీ అది చెప్పిందని రాయను. ఎటు వెతకాలో చెప్పడానికి అది పనికొస్తుంది, సాక్ష్యానికి కాదు.

కంసాలిపిట్ట కూడా గట్టిగా అందుకుంది. వెనక వీధి మునగచెట్టు ఎండుకొమ్మ చివర కూర్చుని ఎడతెగకుండా ‘టుక్ టుక్ టుక్’. నోరు మూసుకునే అరుస్తుంది, ప్రతి ‘టుక్’కీ గొంతు కింద చర్మం ఉబ్బుతుంది. తలను అటూ ఇటూ తిప్పుతుంటుంది కాబట్టి ఎటువైపు నుంచి వస్తోందో పట్టుకోవడం కష్టం. కొమ్మ అడుగువైపు గుండ్రటి రంధ్రం తొలుస్తోంది, కింద రోడ్డు మీద చెక్కపొడి రాలింది. ఆ ఇంటివాళ్లు ఎండుకొమ్మ కొట్టించాలనుకుంటుంటే జూన్ దాకా ఆగమని అడిగాను. “ఆ పిట్ట పొద్దున్నే నిద్ర లేపుతోందండీ, అదొక టెన్షన్” అన్నారు ఆ ఇంటాయన. కానీ ఒప్పుకున్నారు.

తెల్లవారగానే లకుముకి పిట్ట కొబ్బరిచెట్టు మొవ్వు మీద నుంచి అరుస్తోంది. చేపలు పట్టే పిట్టకు చెట్టు చివర ఏం పని అంటే, ఇది జత కట్టే కాలం. చెరువు కట్టకు దక్షిణం వైపు మట్టి తవ్విన చోట నిట్టనిలువు గోడలా ఉంది, దాన్లో సొరంగం తవ్వుతుందేమో చూడాలి.

హోలీకి పిల్లలు గుట్ట కింద మోదుగపూలు ఏరుకుపోయారు, ఉడకబెట్టి రంగు చేయడానికి. రాలినవే ఏరారు, చెట్టు మీదవి వాళ్లకు అందవు. అప్పటికే ‘బాగా’ కాస్తా ‘కొద్దిగా’కు దిగింది. స్టార్లింగులు మోదుగ వదిలి రావిపళ్లకు మళ్లాయి.

మార్చి 20 చుట్టుపక్కల

పిచ్చుకల రోజు వచ్చిందంటే అందరూ చెక్కపెట్టెలు పంచుతారు. నేనూ ఒకటి చేయించాను గానీ నా పట్టింపులు నాకున్నాయి. పాత తలుపు చెక్క వడ్రంగికి ఇచ్చి, రంధ్రం 32 మిల్లీమీటర్లకు మించకూడదని చెప్పాను. అంతకన్నా పెద్దదైతే గోరింక దూరి ఆక్రమిస్తుంది. బయట వాలడానికి పుల్ల వద్దన్నాను. పిచ్చుకకు దాని అవసరం లేదు, కాకికి మాత్రం నిలబడే చోటవుతుంది. అడుగున నీళ్లు కారడానికి చిన్న బెజ్జాలు. వరండా చూరు కింద, పడమటెండ తగలకుండా తూర్పు ముఖంగా, చేతికందని ఎత్తులో బిగించాం.

పెట్టె పెట్టగానే పిచ్చుకలు వస్తాయనుకోవడం మాత్రం అత్యాశే. పిల్లలకు అవి పెట్టేది గింజలు కాదు, పురుగులు. చుట్టూ సిమెంటు, పెరట్లో పురుగుమందు, అలాంటి చోట పెట్టె ఒక్కటే ఏం చేస్తుంది? మా వెనక ఖాళీ ప్లాటు ఉన్నంతవరకు ఆశ ఉంది. ఒక మగపిచ్చుక వచ్చి రంధ్రంలో తల పెట్టి చూసి పోయింది. గడిలో ‘చూసింది, చేరలేదు’ అని రాశాను.

నీళ్ల మూకుడుకు మాత్రం గిరాకీ బాగుంది. రెండంగుళాల లోతు మట్టి మూకుడు, మధ్యలో ఒక రాయి. లోతు ఎక్కువైతే చిన్న పిట్టలు దిగవు. రోజూ నీళ్లు పారబోసి, పీచుతో రుద్ది, కొత్తవి పోయాలి, లేకపోతే మనమే దోమల్ని పెంచినట్టు. మధ్యాహ్నం రెండింటికి పిగిలిపిట్టలు స్నానం చేస్తాయి. ఒకరోజు షిక్రా డేగ వచ్చి మూకుడు అంచున వాలింది, అరగంట దాకా మరో పిట్ట అటు రాలేదు.

ఉగాది వారం

వేప పూసింది. అమ్మ పచ్చడికి పువ్వు కావాలంటే డాబా మీదికి వంగిన కొమ్మను దులిపాను. ఫిబ్రవరి చివర ఆకు రాల్చి, మార్చి మొదట్లో రాగిరంగు చిగురేసి, ఉగాదికి పూత మీదికి వచ్చింది. వేప గడులన్నీ ఒక వరుసలో చూస్తే ముచ్చటగా ఉంది. కానుగ ఇంకా తొందరగా తెమిల్చింది. ఒక వారం బోడి, మరుసటి వారానికి చెట్టంతా నూనె రాసినట్టు లేతాకు.

వరండా లైటు వైరుకు తేనెపిట్ట గూడు వేలాడుతోంది. ఊదారంగు నడుము తేనెపిట్ట, ఆడది ఒక్కతే కడుతోంది. సాలెగూడు దారాలతో ఎండు పీచులు, చెక్కు ముక్కలు, పురుగుల పెంట అంటించి సంచిలా చేస్తోంది, పక్కన వాకిలి, వాకిలి మీద చిన్న చూరు. మగది మందారం మీద కూర్చుని పాడుతుంది, పొరుగు మగవాళ్లను తరుముతుంది. “పనంతా దానిదే, షోకంతా వీడిది” అంది అమ్మ. ఆ లైటు ఇక వేయడం లేదు. రాత్రి వరండాలో టార్చి పట్టుకుని తిరుగుతున్నాం. వరండాలో సాలెగూళ్లు దులపొద్దని పనమ్మాయికీ చెప్పాం, దానికి ఆమె చాలా సంతోషించింది.

కరివేపాకు మొక్క మీద నిమ్మ సీతాకోకచిలుక పురుగులు. చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా కనిపిస్తాయి, తిననీయకుండా అదో వేషం. పెరిగాక ఆకుపచ్చగా మారతాయి, తాకితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు చాచి ఘాటు వాసన కొడతాయి. అమ్మతో ఒప్పందం కుదిరింది: కింది కొమ్మలు వాటికి, పై కొమ్మలు చారుకు.

ఏప్రిల్

ఇక్కడి నుంచే అసలు లెక్క. ఎండ నలభై దాటుతోంది, ఎనిమిదయ్యేసరికి కట్ట మీద నిలబడలేం, నడక ఆరింటికే మొదలుపెట్టాలి.

పసుపు పొట్ట కాటుకపిట్టలు ముందు పోయాయి. మార్చి చివరి వారం ‘ఉంది’, ఆ తర్వాత వరుసగా ‘చూశాను, లేదు’. నల్లది మాత్రం అదే రాయి మీద తోకాడిస్తూ ఉంది. రెండింటినీ విడిగా రాసినందుకే ఇది దొరికింది.

స్టార్లింగుల విషయంలో తాత మాట దాదాపు నిజమే. ఉగాది తర్వాత వారంలో రావి మీద గుంపు కనిపించింది, శ్రీరామనవమి దాటాక మూడు నాలుగు, ఆ తర్వాత లేవు. వానకోవెలలు పోయే ముందు సాయంత్రాలు కరెంటు తీగల మీద బారులు తీరాయి. వారం తిరిగేసరికి తీగల మీద మిగిలినవి ఎర్ర నడుమువే. గ్రీనిష్ వార్బ్లర్ పోయిందో లేదో తేల్చడం కష్టమవుతోంది. పైకొమ్మల్లో ఉంటుంది, ఎండ పెరిగాక మాట్లాడటం తగ్గించింది. అందుకే దాని గడిలో ‘చెవికి లేదు, కంటికి తెలియదు’ అని రాయాల్సి వచ్చింది. అలాంటి గడులు ఉండనివ్వాలి.

రీడ్ వార్బ్లర్ అందరికన్నా ఆలస్యం. ఏప్రిల్ మూడో వారంలోనూ కంపల్లోంచి ‘టక్’ మంటూనే ఉంది. వెళ్లే ముందు అది పూర్తి పాట పాడటం మొదలుపెట్టింది. చలికాలమంతా ఒక్క ముక్క తప్ప పలకనిది ఇప్పుడు ఇతర పిట్టల స్వరాలు కూడా కలిపి సాగదీస్తోంది. ఆ పాట ఇక్కడ ఎవరికోసమూ కాదు, గూడు కట్టబోయేది ఉత్తరాన ఎక్కడో. నెలాఖరు నడకలో వినిపించలేదు. మూడు వారాల నియమం ప్రకారం ఇంకా ఖాయం చేయలేదు.

ఈబర్డ్‌లో వరంగల్ ప్రాంతపు పట్టీలు తీసి పోల్చుతున్నాను. అందులో ప్రతి నెలనూ నాలుగు భాగాలు చేసి, ఏ భాగంలో ఏ పిట్ట ఎంత తరచుగా కనిపిస్తుందో మందపు గీతతో చూపిస్తారు. గీత సన్నబడే చోటికీ నా ‘లేదు’ మొదలైన చోటికీ పోలిక కుదురుతోంది గానీ, మండు వేసవిలో జాబితాలు పంపేవాళ్లే తగ్గిపోతారు. మే నెల పట్టీలో కనిపించే ఖాళీలో పిట్టలు లేని ఖాళీ ఎంత, మనుషులు లేని ఖాళీ ఎంత అన్నది తేలాలంటే ఎండలోనూ ఎవరో ఒకరు రాస్తూ ఉండాలి. అందుకే రేల పూయడంతో ఆపేద్దామనుకున్న ప్రాజెక్టును జూన్ దాకా పొడిగించాను. మే మొదట్లో పొన్నంకి పిట్ట ఉత్తరానికి పోతూ అలసి ఎవరి పెరట్లోనైనా దిగే వీలుంది. తొలకరితో ఆఫ్రికా నుంచి చాతకపక్షి రావాలి. ఈ పట్టికలో నిజంగా ‘మొదట కనిపించిన రోజు’ గడి అక్కరకొచ్చేది దానికే.

తేనెపిట్ట పిల్లలు ఎగిరిపోయాయి, వరండా లైటు మళ్లీ వెలుగుతోంది. కంసాలిపిట్ట రంధ్రంలోకి పళ్లు మోస్తోంది. పక్క వీధి వేపచెట్టు మీద కాకి ఇనుపతీగలూ పుల్లలూ కలిపి గూడు కట్టింది, దాని చుట్టూ కోయిలల జంట తిరుగుతోంది. మగది ఎదురుగా వచ్చి కాకుల్ని రెచ్చగొడితే అవి తరుముతాయి, ఆ సందులో ఆడది గూట్లో గుడ్డు పెడుతుంది. కోయిల గుడ్డు కాకి గుడ్డుకన్నా ముందే పిగులుతుంది కాబట్టి మే చివరికల్లా ఆ గూట్లో ఎవరి పిల్ల ఉందో తెలిసిపోవాలి. ఆ ఇంటావిడను అడిగితే డాబా ఎక్కి చూసుకోమన్నారు. గొడుగు మాత్రం తెచ్చుకోమన్నారు. కాకులు ఇప్పటికే వాళ్లాయన్ని తన్నాయట, ఆఫీసుకు తయారైన మనిషి మళ్లీ తలస్నానం చేయాల్సి వచ్చిందట.